కెచ్ మంచిదా, కట్టర్ మంచిదా? తయానా 37 కొనేముందు సలహా కావాలి

అందరికీ నమస్కారం. మేం శాన్ డియాగోలో ఉంటాం. వచ్చే ఏడాది నేనూ మా ఆవిడా, ఇద్దరమే, తెరచాప పడవలో పసిఫిక్ మహాసముద్రంలోని మార్కెసాస్ దీవులకు బయల్దేరాలనుకుంటున్నాం. దాదాపు 2,800 నాటికల్ మైళ్లు. తయానా 37 అనే మోడల్ పడవలు, పాతవి, రెండు చూశాం. ఒకటి కెచ్ (రెండు మాస్ట్‌లు, అంటే రెండు తెరచాప స్తంభాలు ఉండేది), ఇంకోటి కట్టర్ (ఒకే మాస్ట్, దాని ముందు రెండు తెరచాపలు ఉండేది).

గాలి పెరిగితే కెచ్‌లో మెయిన్‌సెయిల్ (పెద్ద తెరచాప) పూర్తిగా దించేసి ముందు జిబ్ అనే తెరచాప, వెనక మాస్ట్ మీది చిన్న తెరచాప మిజెన్‌తో సాగిపోవచ్చట. మా ఆవిడకి అదే ధైర్యం. కానీ వెనక మాస్ట్ పక్కన డెక్ మీద బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగింది, బోల్టు చుట్టూ తుప్పు చార కూడా ఉంది. పైగా పడవ వెనక విండ్‌వేన్ (గాలిని బట్టి చుక్కానిని దానంతటదే తిప్పే పరికరం) బిగిస్తే మిజెన్ బూమ్ (ఆ తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) తగులుతుందేమోనని భయం.

కట్టర్‌లో ఒకటే మాస్ట్, తాళ్లూ తక్కువ. గాలి ముదిరితే స్టేసెయిల్ (మాస్ట్ ముందుండే చిన్న తెరచాప) ఉండనే ఉంది. అయితే అర్ధరాత్రి కాపలాలో ఒక్కరే ఉన్నప్పుడు అంత పెద్ద మెయిన్‌సెయిల్‌కి రీఫ్ వేయగలమా (అంటే కొంత మడిచి చిన్నది చేయగలమా)? ఇద్దరే సముద్రం దాటినవాళ్లుంటే దయచేసి చెప్పండి, మీరైతే ఏది తీసుకుంటారు?