ఏఫిబ్‌కి కాల్చని అబ్లేషన్: అంత ఖర్చు పెట్టొచ్చా?

గోదారిగట్టు:
మా నాన్నకి 64. రెండేళ్లుగా ఏఫిబ్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం), వస్తుంది పోతుంది, మందులకు లొంగట్లేదు. అబ్లేషన్ (కేథటర్ అనే సన్నని గొట్టం పంపి, లయ తప్పించే గుండె కణాలను చంపడం) చేయిద్దాం అన్నారు డాక్టరు గారు. రేడియో తరంగాలతో కాల్చేది ఒకటి, కొత్తగా పల్స్‌డ్ ఫీల్డ్ ఇంకొకటి, రెండోదానికి బాగా ఎక్కువవుతుంది. నిజంగా మేలా, మెషిన్ కొన్నారు కాబట్టి అంటగడుతున్నారా?

కేథ్‌ల్యాబ్ కబుర్లు:
అంటగట్టడం అనకండి. గుండె ఎడమ పై గది వెనకాలే ఆహారనాళం ఆనుకుని ఉంటుంది. వేడి అటు పాకితే, అరుదుగానే అనుకోండి, రెండిటి మధ్య రంధ్రం పడుతుంది, పడితే ప్రాణాల మీదకొస్తుంది. పల్స్‌డ్ ఫీల్డ్‌లో కాల్చరు, క్షణంలో వెయ్యో వంతు కూడా లేని కరెంటు పల్స్‌లతో కణాల పొరకు చిల్లులు పెడతారు. గుండె కండరం దానికి తేలిగ్గా చస్తుంది, ఆహారనాళం తట్టుకుంటుంది. మానిఫెస్ట్-17కె అనే అధ్యయనంలో 17 వేల పైచిలుకు పేషెంట్లను చూస్తే ఒక్కరికీ ఆ రంధ్రం పడలేదు.

నిమ్మళం:
మరి ఫలితం? 2023లో వచ్చిన అడ్వెంట్ ట్రయల్, 607 మంది. ఏడాదికి సక్సెస్ కొత్తదాంట్లో 73.3 శాతం, పాతవాటిలో, అంటే కాల్చేది, గడ్డకట్టించే క్రయో కలిపి, 71.3. దీనికోసం అప్పు చేయాలా? పైగా దీని తలనొప్పులు దీనికున్నాయి, ఎర్రకణాలు పగిలి కిడ్నీల మీద పడొచ్చు, గుండె రక్తనాళం బిగుసుకోవచ్చు. వేరిపల్స్ అనే పల్స్‌డ్ ఫీల్డ్ కేథటర్ సంగతేంటి? స్ట్రోక్ కేసులు వచ్చాయని 2025 జనవరిలో అమెరికాలో కంపెనీయే కొన్నాళ్లు ఆపింది.

కేథ్‌ల్యాబ్ కబుర్లు:
అది ఒక్క కేథటర్ కథ, మర్నెలలోనే మళ్లీ మొదలుపెట్టారు. ఛాంపియన్ ట్రయల్ కూడా చూడండి, చర్మం కింద మానిటర్ పెట్టి లెక్కేస్తే ఏఫిబ్ తిరగబెట్టింది పల్స్‌డ్ ఫీల్డ్‌లో 37 శాతం మందికి, క్రయోలో 51.

నిమ్మళం:
అది క్రయోతో పోలిక. ఈయన అడిగేది కాల్చేదాని గురించి.

కేథ్‌ల్యాబ్ కబుర్లు:
ఒప్పుకుంటా.

పూతరేకు:
మా అమ్మకి క్రయోలో డయాఫ్రం (ఊపిరి తీయించే కండరం) నరం దెబ్బతింది, మూడు నెలలు మెట్లెక్కితే ఆయాసం. ఆ మూడు నెలలు చూసినదాన్ని కాబట్టి నేనైతే డబ్బు పెడతా. కానీ మెషిన్ కంటే ముందు ఆ డాక్టరు ఎన్ని చేశారో అడగండి, మొహమాటపడకండి. కిడ్నీ రిపోర్టు కూడా చూపించండి, సెలైన్ ఎక్కిస్తారు, పల్స్‌లు లెక్కగా వాడతారు.

గోదారిగట్టు:
నాన్న క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.6 అండీ, ఉండాల్సినదాని కంటే ఎక్కువ. ఇది డాక్టరు గారికి చెప్పనేలేదు, సోమవారం రిపోర్టు పట్టుకెళ్తా.