ఇంప్లాంట్ పెట్టించాక పాపకు సైగలు నేర్పొచ్చా?

ఖమ్మం_అమ్మ: మా పాపకు రెండేళ్లు. వినపడదని లోపలి చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి పరికరం ఆపరేషన్ చేసి పెట్టించాం, పోయిన నెల దాన్ని స్విచాన్ చేశారు. థెరపిస్టు సైగలు వద్దంటున్నారు. మా అత్తగారు సైగ చేయనిదే ముద్ద పెట్టరు. ఏం చేయమంటారు?

రాము_నాన్న: వద్దే వద్దు. అమెరికాలో అను శర్మ బృందం 2002లోనే తేల్చింది. శబ్దం వినిపించి, మెదడు ఎంతసేపటికి స్పందిస్తోందో కొలిచారు. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెడితే ఆరు నెలల్లో ఆ స్పందన వయసుకు తగ్గట్టు అయింది. ఏడేళ్లు దాటాక పెట్టిన చాలామందిలో కాలేదు. ఆలస్యమైతే మెదడులో వినికిడి చోటును చూపు ఆక్రమిస్తుంది. సైగలంటే చూపేగా!

సీతారామం: ఆ లెక్క శబ్దం ఏ వయసులో అందిందన్నదానికి. సైగలు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చింది కాదు. శబ్దం అందకపోతే సైగలు రాకపోయినా ఆ చోటు చూపుకు పోతుంది.

రాము_నాన్న: అంటే మూడున్నరేళ్లు అబద్ధమా?

సీతారామం: ఎవరన్నారు? తొందరగా పెట్టించమనే నేనూ అంటాను. కానీ లోపలి చెవిలో సుమారు 3,500 కణాలు చేసే పనిని ఇంప్లాంట్‌లో పాతికలోపు ఎలక్ట్రోడ్లతో (కరెంటు అందించే చిన్న మొనలతో) చేయిస్తున్నారు. క్లాసులో గోల ఉంటే మాటలు కలిసిపోతాయి. రాత్రి చెవి బయట పెట్టుకునే ప్రాసెసర్ తీశాక ఏమీ వినపడదు.

రాము_నాన్న: సీతారామం గారూ, మీకు ఇంప్లాంటే లేదు. ఎలా తెలుసు?

సీతారామం: లేదు. నాకు వినపడదు. బడిలో చేతులు కదిపితే స్కేలుతో కొట్టేవారు, పెదాలు చూసి నేర్చుకోమని. పెదాల మీద ప, బ, మ మూడూ ఒకటే. పాలో, బాలో ఊహించుకోవడమే నా చదువు.

విజయ_టీచర్: అత్తగారి సైగలు వేరు, వినపడనివాళ్లు మాట్లాడుకునే సైగల భాష వేరు. రెండూ కలిపేస్తున్నారు.

రాము_నాన్న: నేను ఉద్యోగం మానేసి మా రాము ఎదురుగా కూర్చుని మాట్లాడించాను. రేపు వాడు సైగలతో మాట్లాడే మీ వాళ్లలో కలిసిపోతే మా అమ్మతో ఎవరు మాట్లాడతారు?

సీతారామం: ఇదన్నమాట అసలు భయం. మెదడు గొడవ ఎందుకు మరి?

రాము_నాన్న: భయమే. తప్పా? పెద్దయ్యాక కావాలంటే నేర్చుకుంటాడు.

సీతారామం: మాటకు నెలలు లెక్కపెడతారు, సైగలకు మాత్రం పెద్దవాడు కావాలంటారు. ఆలస్యమైతే అదీ సరిగా రాదు.

ఖమ్మం_అమ్మ: సరే, నేర్పేవాళ్లెవరండీ? మాట నేర్పే థెరపిస్టు కోసమే మేం బస్సెక్కి వెళ్తున్నాం.