అయస్కాంతంతో మందును కణితి దాకా లాగడం జరిగే పనేనా?

ఎమ్మెస్సీ రెండో ఏడు: ప్రాజెక్టుకు ఐరన్ ఆక్సైడ్ నానోకణాలు ఇచ్చారు. మందు పూసి, సీసా పక్కన అయస్కాంతం పెడితే నిమిషంలో నల్లగా గోడకు అంటుకున్నాయి. గదిలో ఉండే మిత్రుడు మాత్రం 'సీసాలో అయితే అవుతుంది, మనిషిలో కాదు' అని తీసిపారేశాడు. నిజమేనా?

ఫిజిక్సు మాస్టారు: మీ మిత్రుడి మాటే నిజం. అసలు నిమిషంలో అంటుకున్నాయంటేనే నాకు అనుమానం. అవి అప్పటికే గుంపులు కట్టి ఉంటాయి. సుమారు 20 నానోమీటర్ల లోపు విడి కణాలు సూపర్‌పారామాగ్నెటిక్‌గా ఉంటాయి. అంటే అయస్కాంతం దగ్గరుంటే స్పందిస్తాయి, తీసేస్తే ఆ గుణాన్ని మరిచిపోతాయి. ఆ మరుపే లేకపోతే ఒకదాన్నొకటి పట్టుకుని రక్తనాళానికి అడ్డుపడతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. లాగే బలం కణం ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి వ్యాసం సగమైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అడ్డుపడనంత చిన్న కణాన్ని పారే రక్తంలోంచి లాగలేం. పైగా బయట పెట్టిన అయస్కాంతం బలం చర్మం దగ్గరే ఎక్కువ, లోతుకు పోయేకొద్దీ సన్నగిల్లుతుంది. 2016లో టొరంటో పరిశోధకులు పదేళ్ల ప్రయోగాల్ని కలిపి లెక్కగట్టారు. ఎక్కించిన నానోకణాల్లో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. వెయ్యికి ఏడు! కాలేయమూ ప్లీహమూ వాటిని దారిలోనే పట్టేస్తాయి.

వార్డు నర్సు: మాస్టారూ, ఆ లెక్క జంతువులది. అదీగాక 0.7 అని వెక్కిరించే ముందు మామూలు కీమో సంగతి చూడండి. అదేమన్నా నేరుగా కణితికే పోతోందా? డాక్సోరుబిసిన్ అనే కీమో మందును కొవ్వు బుడగలో పెట్టిన డాక్సిల్‌కు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని పెద్ద లాభం గుండెకు హాని తగ్గడం. కణితికి ఎంత చేరిందని మీరు అడుగుతున్నారు, గుండెను ఎంత తప్పించుకుందని నేను అడుగుతున్నాను.

ఫిజిక్సు మాస్టారు: ఒప్పుకుంటానమ్మా. కానీ ఆ ఘనత కొవ్వు బుడగది. అందులో అయస్కాంతం ఎక్కడుంది? 1996లో జర్మనీ వైద్యులు ఎపిరుబిసిన్ అనే కీమో మందును అయస్కాంత ద్రవానికి, అంటే ఇలాంటి కణాలు కలిపిన ద్రవానికి అంటించి 14 మంది రోగులకు ఇచ్చారు. దాదాపు సగం మందిలోనే అది కణితి వైపు మళ్లింది.

కొలిమి: లాగడం మానేసి కాల్చండి! మ్యాగ్‌ఫోర్స్ అనే జర్మన్ సంస్థ చేసింది అదే. మెదడు కణితిలోకి నానోకణాల్ని నేరుగా ఎక్కించి, ధ్రువాలు సెకనుకు లక్ష సార్లు అటూ ఇటూ మారే క్షేత్రంతో వేడెక్కించారు. 2010లో యూరప్‌లో అనుమతి కూడా వచ్చింది.

వార్డు నర్సు: దాని తిప్పలూ చెప్పండి. ముందుగా పళ్లలో లోహపు పూడికలు తీయించుకోవాలి. తర్వాత ఆ చోట ఎమ్మారైతో కణితి పెరిగిందో లేదో చూడలేరు, కణాలే బొమ్మను పాడుచేస్తాయి. అయినా అక్కడ గురిపెట్టింది సూది, అయస్కాంతం కాదు.

ఎమ్మెస్సీ రెండో ఏడు: అయితే సీసా ప్రయోగాన్ని వదిలేస్తాను. సన్నని గొట్టంలో ద్రవం పారిస్తూ, అయస్కాంతాన్ని 5 సెంటీమీటర్ల ఎడంలో పెట్టి చూస్తాను.

ఫిజిక్సు మాస్టారు: ముందు గుంపుల్ని విడగొట్టు బాబూ. పారే వేగం, పట్టుబడ్డ కణాల శాతం రెండూ రాసి ఇక్కడ పెట్టు. నేను ఓడితే ఒప్పుకుంటాను.