మావారు చూసుకునే పనులన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి, ఎలా నెట్టుకొస్తున్నారు?

ప్రశ్న

మావారు పోయి ఏడాది కావస్తోంది. గుండెపోటు. ఏడుపు సంగతి అడగడానికి రాలేదు, అదెలాగూ వస్తుంది, పోతుంది. నా ఇబ్బంది ఇంటి పనులతో. వంట, బాబు చదువు నావి. బిల్లులు, బ్యాంకు, రిపేర్లు ఆయనవి. కూర్చుని పంచుకున్నదేం లేదు, అలా అలవాటైపోయింది. ఇప్పుడు ఏది ముట్టుకున్నా ఓటీపీ ఆయన నంబరుకే వెళ్తుంది. అందుకని ఆ ఫోన్ ఛార్జింగ్ పెట్టి దగ్గరే ఉంచుకుంటున్నాను. మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

మొన్న బాత్రూంలో కుళాయి ఊడొచ్చి నీళ్లు చిమ్ముతుంటే, నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుందో తెలియక ఇల్లంతా పరిగెత్తాను. చివరికి సింకు కింద, పాత బకెట్ వెనకాల దొరికింది. పక్కన గోడ మీద ఆయన మార్కర్‌తో 'కుడి వైపు తిప్పాలి' అని రాసి, బాణం గుర్తు కూడా వేశారు. ఆయనకు తెలిసిందే కదా, మరి ఎవరి కోసం రాసినట్టు? ఆ రోజు ఇంక ఏ పనీ చేయలేకపోయాను.

ఒక రోజు లెక్కలు, కాగితాలు అన్నీ చక్కబెట్టేస్తాను. మర్నాడు తల దువ్వుకునే ఓపిక కూడా ఉండదు. చుట్టాలేమో 'ఏదో పనిలో పడు, మర్చిపోతావు' అంటారు. ఆయన బట్టలు బీరువాలో అలాగే ఉన్నాయి. అందరికీ ఇలాగే ఉంటుందా?

జవాబు

అమ్మా, మా ఆవిడ పోయి నాలుగేళ్లు. నాది మీకు తిరగేసిన కేసు, బిల్లులు వచ్చు, వంట రాదు. దాని గురించి చెప్పకపోవడమే మంచిది.

ముందు ఆ సిమ్ ఆగిపోకుండా చూసుకోండి. రీఛార్జ్ మానేస్తే కొంతకాలానికి ఆ నంబరు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. ఏడాది స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని, వాటంతటవే కట్ అయ్యేవన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. నెలనెలా పోయేవి సరే, ఏడాదికోసారి కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియంలే కంటికి ఆనవు. తర్వాత ఒక్కోటీ మీ నంబరుకు మార్పించుకోండి. ఒక్క మాట, ఆయన ఒక్కరి పేరునే ఉన్న ఖాతాలోంచి ఆ ఓటీపీతో డబ్బు తీయకండి, రేపు అదో తలనొప్పి. బ్యాంకుకు చెప్పి పద్ధతి ప్రకారం వెళ్లండి. చెప్పగానే ఖాతా ఆపేసే అవకాశం ఉంది, అందుకే జాబితా ముందు రాసుకోమంటున్నాను. మరణ ధ్రువీకరణ పత్రం కాపీలు ఎక్కువే తీయించండి.

జవాబు

అక్కా, మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇలాగే ఒక రోజు పని, ఒక రోజు మంచం. స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో దీని గురించే రాశారు. మనసు కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు పనుల వైపు ఊగుతూ ఉంటుందని, రెండూ కావాలని అంటారు. అందుకే 'పనిలో పడి మర్చిపో' అనే సలహా నాకు గిట్టదు. దుఃఖానికి అందరూ చెప్పే ఐదు దశలు (నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, దిగులు, ఒప్పుకోవడం) కూడా కుబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో రాసినప్పుడు చావు దగ్గరపడిన రోగులను చూసి చెప్పినవే, మనకు వరసగా రావాలని రూలేం లేదు.

కాకపోతే నెలలు గడిచినా బాధ ఏమాత్రం తగ్గక, రోజువారీ పనులే సాగకపోతే డాక్టర్‌ను కలవండి. ఆరు నెలలు దాటినా అలాగే ఉండిపోయే తీవ్రమైన దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో విడిగా గుర్తించింది, దానికి చికిత్స ఉంది. మీరు లెక్కలు చక్కబెడుతున్నారంటే నాకైతే ధైర్యంగానే ఉంది. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

జవాబు

బట్టలకు తొందరేముంది? అవేం అన్నం అడగవు. మా బావగారింట్లో 'సాయం' పేరుతో ఎవరో వచ్చి ఒక్క పూటలో అక్క చీరలన్నీ మూటకట్టి ఇచ్చేశారు. ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. ఒక చొక్కా ఉతకకుండా కవర్లో పెట్టి మూసి ఉంచండి, వాసన కొన్నాళ్లు నిలుస్తుంది. మిగతావి బాబును అడిగాకే తీయండి, వాడికీ ఏదో ఒకటి కావాలనిపించొచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థ్యాంక్స్. బాబును అడిగితే వాచీ చాలన్నాడు. బాబాయిగారూ, ఇన్సూరెన్స్ వాళ్లు ఒరిజినల్ పత్రమే ఇమ్మంటున్నారు, ఇచ్చేయొచ్చా?

జవాబు

తిరిగి ఇస్తారో లేదో ముందే అడగండమ్మా. ఏ కాగితం ఇచ్చినా రసీదు తీసుకోండి, తీసుకున్నవాళ్ల పేరు, తేదీ అదే నోటుబుక్కులో రాసుకోండి.