ఎల్క్ వేటకి 6.5 క్రీడ్‌మూర్ చాలా, 7 పీఆర్‌సీకి మారనా?

కొత్తగురి:
అందరికీ నమస్కారం. నా దగ్గర 22 అంగుళాల బ్యారెల్ ఉన్న 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్ ఉంది. నాలుగేళ్లుగా దాంతో జింకలే కొట్టాను, అన్నిటికంటే దూరం 240 గజాలు. ఈసారి మొదటిసారి ఎల్క్ (జింక జాతిలో బాగా పెద్దది) ట్యాగ్, అంటే ఒకదాన్ని వేటాడే అనుమతి, వచ్చింది. వెళ్లేది చెట్లు తక్కువున్న కొండలకి. అక్కడ 500, 600 గజాల షాట్లు మామూలేనని వెళ్లొచ్చినవాళ్లు అంటున్నారు.

ఇప్పుడు నన్ను పట్టుకున్న దిగులు: క్రీడ్‌మూర్ ఎల్క్‌కి చాలదేమోనని. ఇంకా బలంగా కొట్టే 7 పీఆర్‌సీ రైఫిల్ కొననా, .300 విన్ మ్యాగ్ కొననా? బుల్లెట్ సంగతి ఇంకా అయోమయం. ఒకరు హార్నడీ కంపెనీ వేట బుల్లెట్, 143 గ్రెయిన్ (బుల్లెట్ బరువు) ఈఎల్‌డీ-ఎక్స్ అంటారు, ఒకరు రాగిదే వాడమంటారు, ఒకాయనైతే కాగితం మీద బాగా పడుతోంది కదా, మ్యాచ్ (గురి పోటీల) బుల్లెట్టే కొట్టెయ్ అన్నాడు. బెంచ్ మీద నా రైఫిల్ 100 గజాల దగ్గర ముక్కాలు అంగుళంలో గ్రూప్ ఇస్తుంది, అంటే గుండ్లన్నీ అంత చోటులోనే పడతాయి. సీజన్‌కి ఇంకా పది వారాలుంది.

బరువైనదే:
.300 విన్ మ్యాగ్, 200 గ్రెయిన్. ఇంకో మాట లేదు. 1963 నుంచి ఎల్క్‌ని పడగొడుతున్న కాలిబర్ (గుండు రకం) అది. మిగతావన్నీ కంపెనీలు పాత సరుకుకి కొత్త పేరు పెట్టి అమ్ముకోవడమే.

నిదానం:
కొత్తగురీ, తుపాకి కొనే ముందు ఇది చదువు. కాస్త పొడుగే, ఓపిక చేసుకో.

నాకు 20 అంగుళాల పొట్టి బ్యారెల్ .308 రైఫిల్ ఉండేది. అందులో 168 గ్రెయిన్ పూర్తి రాగి బుల్లెట్ పెట్టుకుని వెళ్లాను. అంతకుముందు రెండు ఎల్క్‌లు దానితోనే వంద, నూట యాభై గజాల్లో కుప్పకూలాయి కాబట్టి దానిమీద గుడ్డి నమ్మకం. మూడోది 480 గజాల్లో, పక్కకి తిరిగి నిలబడ్డ ఆడ ఎల్క్. పడుకుని, సంచి మీద ఆనించి, తొందర లేకుండా కొట్టాను. తగిలిన చప్పుడు వినబడింది. అది వీపు గూనిగా చేసి, ఏమీ జరగనట్టు గట్టు దాటి నడిచి వెళ్లిపోయింది. నెత్తురు చుక్క లేదు. సాయంత్రమంతా వెతికి, చీకటి పడ్డాక వదిలేసి, మర్నాడు పొద్దున పొదల్లో దొరకబుచ్చుకున్నాను. రెండు పక్కటెముకల మధ్య పెన్సిల్ దూరేంత కన్నం, అవతలి పక్కా అంతే. చలిరాత్రే అయినా ఆ మందపాటి తోలు కింద వేడి నిలిచిపోయి, తొడ ఎముక చుట్టూ మాంసం పులిసిపోయింది. కోసినప్పుడు వచ్చిన ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

ఇంటికొచ్చి లెక్క కట్టాను, ముందే కట్టాల్సిన లెక్క. ఆ పొట్టి బ్యారెల్‌లోంచి నా బుల్లెట్ సెకనుకి 2,600 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 480 గజాలకి వెళ్లేసరికి 1,700 చిల్లర. చాలా రాగి బుల్లెట్లు 1,800 కిందికి దిగితే తగిలినప్పుడు పువ్వులా విచ్చుకుని పెద్ద గాయం చేయవు. బుల్లెట్ తప్పేమీ లేదు, అది పనిచేసే వేగంలో నేను దాన్ని వాడలేదంతే.

అందుకే కాలిబర్‌ని పక్కన పెట్టి ముందు ఈ ప్రశ్న వేసుకో: నేను కొట్టే దూరంలో నా బుల్లెట్ వేగం ఎంత, ఆ వేగంలో అది విచ్చుకుంటుందా? బుల్లెట్ల అట్టపెట్టె మీద వేసిన 2,700 వేగం అంకెని నమ్మకు. అది మామూలుగా 24 అంగుళాల బ్యారెల్‌లో కొలిచింది. నీ 22 అంగుళాల దానిలో కొంత తగ్గుతుంది. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే యంత్రం) ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని కొలువు.

2,640 వస్తుందనుకుందాం. 143 ఈఎల్‌డీ-ఎక్స్ 500 గజాల దగ్గర ఇంకా 1,950కి పైనే ఉంటుంది. 1,600 దాకా విచ్చుకుంటుందని హార్నడీ చెబుతుంది కాబట్టి ఆ లెక్కన ఇబ్బంది లేదు. శక్తి మాత్రం 1,250 ఫుట్ పౌండ్ల దగ్గరికి పడిపోతుంది. ఎల్క్‌కి 1,500 ఉండాలని పాత తరం వేటగాళ్లు గీసుకున్న గీత ఒకటుంది. అదేమీ శిలాశాసనం కాదు, కానీ ఆ గీత పట్టుకుంటే నీ క్రీడ్‌మూర్ 350 గజాల దగ్గర ఆగుతుంది. 7 పీఆర్‌సీ 175 గ్రెయిన్‌తో అదే 500 గజాల్లో 2,000 ఫుట్ పౌండ్లు దాటి ఉంటుంది. ఈ తేడా నిజమే, కాదనను.

ఇక గాలి. గంటకి 10 మైళ్ల అడ్డగాలిలో 500 గజాలకి నీ బుల్లెట్ సుమారు 15 అంగుళాలు పక్కకి జరుగుతుంది, పీఆర్‌సీది 12. అంటే వేలు పోసి కొత్త రైఫిల్ కొంటే నీకు మిగిలేది మూడు అంగుళాలు. అదే గాలిని 10 బదులు 6 అనుకున్నావనుకో, పీఆర్‌సీతో కూడా దాదాపు అయిదు అంగుళాలు తప్పుతావు. లోయకి ఇటు గాలి ఒకలా, నడిమధ్యలో ఒకలా, అటు గట్టు మీద గడ్డి ఇంకోలా ఊగుతుంటుంది. దూరం కొలవడానికి లేజర్ ఉంది, బుల్లెట్ ఎంత కిందికి దిగుతుందో ఫోన్ చెప్పేస్తుంది. ఆ గాలిని చదివిపెట్టే యంత్రం మాత్రం మన జేబులో లేదు. పైగా బుల్లెట్ చేరడానికి 0.65 సెకన్లు పడుతుంది. మేస్తున్న ఎల్క్ అడుగు ముందుకి వేయడానికి ఆపాటి సమయం చాలు. ఊపిరితిత్తులకి అనుకున్నది కడుపులో పడుతుంది.

మ్యాచ్ బుల్లెట్ వద్దు. సియెర్రా కంపెనీయే తన మ్యాచ్‌కింగ్‌ని వేటకి వాడొద్దంటుంది. వాటితో కొట్టినవాళ్లు లేరా అంటే ఉన్నారు. కానీ ఒకసారి లోపలికెళ్లి బద్దలవుతుంది, ఇంకోసారి నా రాగి బుల్లెట్‌లా సూదిలా దూరిపోతుంది. ఏది జరుగుతుందో ముందు తెలియని దాన్ని ప్రాణమున్న జంతువు మీద ప్రయోగించకూడదు.

ఇక్కడో తమాషా ఉంది. జాన్ నోస్లర్ అనే వేటగాడు 1946లో మూస్‌ని (ఎల్క్ కంటే పెద్ద జింక జాతి జంతువు) కొడితే బుల్లెట్లు లోపలికి పోకుండా పైపైనే పగిలిపోయాయట. ఆ చిరాకులోంచి పుట్టిందే పార్టిషన్ బుల్లెట్. అప్పటి బాధ బుల్లెట్ ఎక్కువగా చితికిపోవడం. మనం దూరం పెంచుకుంటూ పోయి దానికి సరిగ్గా ఎదురు బాధ తెచ్చుకున్నాం. అయితే పాత బాధా పోలేదు. 600 గజాలకని మెత్తటి బుల్లెట్ నింపుకుని వెళ్తావు, పొద్దున్నే 40 గజాల్లో ఎదురవుతుంది. భుజం ఎముక మీద పూర్తి వేగంతో తగిలితే బుల్లెట్ చితికిపోవచ్చు. అందుకే నా ఓటు అక్యూబాండ్ లాంటి బాండెడ్ (లోపలి సీసం, పైపొర విడిపోకుండా అతికించిన) రకానికి. రెండు చివరలా ఓ మోస్తరుగా పనిచేస్తుంది, ఏ చివరా అద్భుతం కాదు.

ఒక పని చేసి చూపించు. బెంచ్ వదిలెయ్. పది అంగుళాల పళ్లెం ఒకటి పెట్టు, కొండ మీద ఎలా కొడతావో అలా కూర్చునో, సంచి మీద పడుకునో కొట్టు. నలభై అడుగులు పరుగెత్తి వచ్చి, ఊపిరి తీసుకుంటూనే కొట్టు. పదిలో తొమ్మిది ఎంత దూరం దాకా పడతాయో అదే నీ దూరం. ఏ కాలిబర్ అని ఆ తర్వాత మాట్లాడుకుందాం.

బరువైనదే:
నిదానం గారూ, .300తో కొట్టి ఉంటే ఆ ఎల్క్ అక్కడే పడేది కదా?

నిదానం:
అదే రాగి బుల్లెట్ .300లో పెడితే 480 గజాల్లో 2,000 దాటి ఉండేది, విచ్చుకునేది. నిజం. ఇంకా చాలా దూరం నుంచి కొట్టి ఉంటే మళ్లీ పెన్సిల్ కన్నమే. మ్యాగ్నమ్ నా తప్పుని ఇంకొంత దూరం అవతలికి జరిపేది, అంతే.

గుండ్రాయి:
రెండు ముక్కలు. పాత 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాళ్లు బుల్లెట్‌ని తిప్పే తీరు) చూసుకో తమ్ముడూ. 9.5 అంగుళాలకి ఒక చుట్టు తిప్పే బ్యారెల్ అయితే ఈ పొడుగాటి కొత్త బుల్లెట్లు అందులో నిలకడగా వెళ్లవు. రాగివి అదే బరువుకి ఇంకా పొడుగు, ఇంకా తంటా. నీ క్రీడ్‌మూర్ 8కి ఒకటి, దానికేం భయం లేదు.

రెండోది, మ్యాగ్నమ్ తన్నుడు. నేను మజిల్ బ్రేక్ (బ్యారెల్ చివర పెట్టి తన్నుడు తగ్గించేది) లేని .300 కొని మూడు సీజన్లు ట్రిగ్గర్ లాగే ముందు కళ్లు మూసుకున్నాను. నాకే తెలియలేదు. నా మిత్రుడు దొంగచాటుగా ఖాళీ ఛాంబర్‌తో ఇచ్చి నొక్కమంటే బ్యారెల్ మూర జారింది, వాడు పడీపడీ నవ్వాడు. బ్రేక్ పెట్టించుకుంటే చెవులకి మఫ్లు మర్చిపోకు.

కొత్తగురి:
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. నిదానం అన్న చెప్పినట్టే చేశాను.

క్రోనోగ్రాఫ్‌లో 143 సగటు 2,655. బాండెడ్ 140 కూడా కొట్టి చూశాను, గ్రూప్ అంగుళంపావుకి పెరిగింది, అయినా వేటకి చాలు.

పళ్లెం లెక్క చెప్పడానికి సిగ్గుగా ఉంది. సంచి మీద పడుకుని 300లో పదికి పది. 400లో ఎనిమిది. 500లో గాలి లేని పొద్దున ఏడు, అదే రోజు మధ్యాహ్నం గాలి లేచాక మూడు. పరుగెత్తి వచ్చి కూర్చుని కొడితే 300లోనే ఆరు. బెంచ్ మీద ముక్కాలు అంగుళం కొట్టే నేనేనా అనిపించింది. ఆ మూడు తప్ప మిగతావి ఎటు పోయాయో చూస్తే అన్నీ ఒకే పక్కకి, కుడికి. గాలిని ప్రతిసారీ తక్కువే అంచనా వేస్తున్నాను.

ఈ సీజన్‌కి క్రీడ్‌మూర్‌తోనే వెళ్తున్నా. పడుకోడానికి వీలుంటే 350, కూర్చునైతే 250, అంతకుమించి కొట్టను. పీఆర్‌సీ డబ్బుల్లో కొంత తీసి బుల్లెట్లే కొన్నాను. ఒక్క అనుమానం: బాండెడ్ 140కి మార్చాను కాబట్టి స్కోప్ మళ్లీ జీరో చేయాలా (గురి సరిచేసుకోవాలా), 143కి చేసిందే సరిపోతుందా?

నిదానం:
మళ్లీ చెయ్, తప్పదు. బుల్లెట్ మారితే తగిలే చోటు మారుతుంది. వీలైతే వేటకి వెళ్లాక అక్కడి చలిలో, రాత్రంతా బయట పెట్టిన రైఫిల్‌తో పొద్దున్నే మొదటి గుండు 200 గజాల పళ్లెం మీద కొట్టి చూడు. వేడెక్కిన బ్యారెల్‌తో కొట్టిన అయిదో గుండు ఎక్కడ పడిందన్నది ఎల్క్‌కి అనవసరం. ఇంకోటి, గాలి లేచినప్పుడు కొట్టిన ఆ కాగితాలు పారెయ్యకు. ఒక్కోదాని మీద గడ్డి ఎంత వంగిందో, నువ్వెంత అనుకున్నావో రాసి పెట్టుకో.