త్వం తులే సత్యధామాసి: త్రాసును అమ్మా అని పిలిచే శ్లోకం

పాతకాలపు న్యాయవిచారణలో నిందితుడు శుద్ధుడో కాదో తేల్చడానికి పెట్టే పరీక్షలను దివ్యాలు అంటారు. వాటి గురించి చెప్పే ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం యాజ్ఞవల్క్యస్మృతిలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇది.

లిఖితం, భుక్తి (అంటే స్వాధీనం), సాక్షులు: వివాదంలో ప్రమాణాలు (రుజువులు) ఈ మూడే. ఇవేవీ లేనప్పుడే దివ్యం. తుల (త్రాసు), అగ్ని, జలం, విషం, కోశం (దేవతలను స్నానం చేయించిన నీరు తాగడం) అని ఐదు దివ్యాలు. తులాదివ్యంలో నిందితుడిని త్రాసులో కూర్చోబెట్టి, సరిబరువు తూచి, గీత గీసి దించుతారు. మళ్లీ ఎక్కే ముందు అతడు త్రాసుతో అనే మాటలివి:

త్వం తులే సత్యధామాసి పురా దేవైర్వినిర్మితా ।
తత్సత్యం వద కల్యాణి సంశయాన్మాం విమోచయ ॥
యద్యస్మి పాపకృన్మాతస్తతో మాం త్వమధో నయ ।
శుద్ధశ్చేద్గమయోర్ధ్వం మాం

తులా, నువ్వు సత్యానికి నిలయానివి, పూర్వం దేవతలు చేసినదానివి. కల్యాణీ, నిజం చెప్పు, ఈ సందేహం నుంచి నన్ను విడిపించు. అమ్మా, నేను పాపం చేసివుంటే కిందికి దించు, శుద్ధుణ్నైతే పైకి లేపు.

‘పాపకృత్’ పక్కనే ‘మాతః’ పడింది చూడండి. నేరం చేశానేమో అనే మాట నోట్లో ఉండగానే అమ్మను పిలుస్తున్నాడు. ఎదురుగా ఉన్న న్యాయాధికారితో ఒక్క ముక్కా లేదు.

— అగ్నిదివ్యంలోనూ ఇలాంటి ప్రార్థన ఉందా అండీ?

ఉందండీ. ‘త్వమగ్నే సర్వభూతానామంతశ్చరసి పావక’ అని మొదలవుతుంది. అన్ని ప్రాణుల లోపలా తిరిగేవాడివి, సాక్షిలా నా విషయంలో నిజం చెప్పు అని వేడుకోలు. దానికి ముందే అరచేతుల్లో ఏడు రావి ఆకులు పెట్టి, దారాలు చుట్టి ఉంచుతారు; ప్రార్థన అయ్యాక వాటిపై ఎర్రగా కాల్చిన 50 పలాల (పలం పాతకాలపు తూకం) ఇనుపగుండు ఉంచుతారు. దానితో నేల మీద గీసిన ఏడు మండలాలు (వలయాలు) దాటుతూ మెల్లగా నడవాలి. గుండు వదిలాక చేతులతో వడ్లు నలపాలి, కాలిన గాయం లేకపోతే శుద్ధుడు.

ఎవరికి ఏ దివ్యమో చూస్తే మాత్రం మనసు విరిగిపోతుంది. తుల ఎవరికంటే: స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, అంధులు, కుంటివారు, రోగులు, బ్రాహ్మణులు. బలహీనులని మిగతావారికి ఇచ్చారనుకుందాం, ఆరోగ్యంగా ఉన్న బ్రాహ్మణుడు ఆ వరుసలో ఎందుకు? శూద్రుడికి అగ్ని, లేదా జలం, లేదా ఏడు యవల (బార్లీ గింజల) ఎత్తు విషం. ఇంత చక్కని శ్లోకం అతడి నోటికి అందనే లేదు. శ్లోకాన్ని మెచ్చుకునేవాళ్లం ఈ పంక్తినీ చదివి తీరాలి.

— మరి ఆరోపించినవాడికి ఏ భయమూ లేదా?

ఉంది. అతడు ‘శీర్షకస్థుడు’ కావాలి, నింద తప్పని తేలితే దండన తానే భరిస్తానని ముందే ఒప్పుకోవాలి. అయితే రాజద్రోహం, మహాపాతకం మోపినప్పుడు ఈ నియమం అక్కర్లేదని తర్వాతి మాటల్లోనే సడలించారు.