రోజుకు ఎన్ని కిలోమీటర్లు? 8 రోజుల మోటారు సైకిల్ యాత్రకు దూరం నిర్ణయించుకోవడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో నేను, నా భార్య కలిసి 160 సీసీ బండి మీద 8 రోజుల యాత్రకు బయలుదేరుతున్నాము. మేము అనుకున్న దారి మొత్తం 2,400 కిలోమీటర్లు. అందులో దాదాపు 400 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. సెలవు ఇంకొక్క రోజు కూడా పెరగదు. నేను 2,400ను 8తో భాగించి రోజుకు 300 అని రాసుకున్నాను. చాలా కాలంగా దూరప్రయాణాలు చేస్తున్న ఒక మిత్రుడు మాత్రం, రోజుకు 500 చొప్పున అయిదు రోజుల్లో దారి ముగించి, మిగిలిన మూడు రోజులూ చూడదలచుకున్న చోట్ల నింపాదిగా గడపమని చెబుతున్నారు. ఆ మాట వినడానికి బాగానే ఉంది గానీ నాకు ధైర్యం చాలడం లేదు.

నా దగ్గర ఉన్న కొలత ఒక్కటే. రెండు నెలల క్రితం ఒంటరిగా, చాలావరకు నాలుగు వరుసల రహదారి మీదే, ఒక్క రోజులో 420 కిలోమీటర్లు వెళ్లాను. ఉదయం 6.10కి బయలుదేరి సాయంత్రం 5.40కి చేరాను, మధ్యలో ఆగిన సమయమంతా కలిపితే 2 గంటల 40 నిమిషాలు. చివరి 50 కిలోమీటర్లలో ఎడమ చేతి వేళ్లు క్లచ్ లీవరు మీద సరిగా ముడుచుకోలేదు. ఇంజన్ ఆపేసిన తరువాత కూడా, పడుకునే దాకా, అరచేతుల్లో ఆ అదురు అలాగే ఉండిపోయింది. దీన్నిబట్టి 420 నా హద్దు అనుకోవాలా, లేక అలవాటు మీద 500 సాధ్యపడుతుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం

మీరు బయలుదేరిన సమయం, చేరిన సమయం, ఆగిన సమయం రాసిపెట్టుకోవడం చాలా మంచి పని. చాలామందికి తమ స్పీడోమీటరులో కనిపించిన అంకె మాత్రమే గుర్తుంటుంది. మీ ప్రశ్నకు జవాబు మీ ప్రశ్నలోనే ఉంది కాబట్టి, దాన్ని కొంచెం విడదీసి చూద్దాం.

420 కిలోమీటర్లకు మీకు మొత్తం పదకొండున్నర గంటలు పట్టింది. అంటే ఇంటి గుమ్మం నుంచి బస గుమ్మం దాకా మీ అసలు సగటు గంటకు 36.5 కిలోమీటర్లు. ఆగిన సమయం తీసివేసి లెక్కించినా 48 దాటదు. రోడ్డు మీద మీరు 70, 80లో వెళ్లి ఉంటారు, అయినా సగటు ఇంతే వస్తుంది; ఊళ్లు, మలుపులు, గతుకులు, పెట్రోలు బంకులు, హెల్మెట్ తీసి మళ్లీ పెట్టుకోవడం, ఇవన్నీ అందులో కలిసిపోతాయి. ఈ 36.5 అనే అంకెను గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ఇది మీ బండికి, మీ శరీరానికి, మీ తీరుకు సంబంధించినది. మీ మిత్రుడి సగటు వేరు, నాది వేరు.

ఇప్పుడు రోజును సాయంత్రం వైపు నుంచి వెనక్కి లెక్క కట్టండి. సూర్యాస్తమయం 6 గంటలకు అనుకుంటే, 5 గంటలకల్లా బస చేరాలి. ఉదయం 6.30కి బయలుదేరితే చేతిలో పదిన్నర గంటలు ఉంటాయి. వాటిలో రెండు గంటలు దేనికీ కేటాయించకుండా పక్కన పెట్టండి. వాన, పంక్చరు, దారి తప్పడం, రోడ్డు పనుల దగ్గర నిలిచిపోవడం, వీటిలో ఏదో ఒకటి దాదాపు ప్రతి యాత్రలోనూ ఎదురవుతుంది. ట్యూబ్‌లెస్ టైరైతే అరగంటలో తేలిపోవచ్చు గానీ, ట్యూబ్ ఉన్న వెనుక చక్రం విప్పాల్సి వస్తే ఆ రెండు గంటలూ దానికే చెల్లు. మిగిలిన ఎనిమిదిన్నర గంటలను మీ సగటుతో హెచ్చిస్తే 310 కిలోమీటర్లు వస్తుంది. అదే పద్ధతిలో 500 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు దాటుతుంది, అంటే ఏ ఆటంకం లేని రోజున కూడా మీరు రాత్రి 8 తరువాతే చేరతారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతుంది. అడ్డం వచ్చినదాన్ని గుర్తించి, బ్రేకు నొక్కి, పూర్తిగా ఆగేసరికి 70 మీటర్లు దాటిపోతుంది. చాలా బండ్ల డిమ్ లైటు అంత దూరం దారిని చూపించదు. అలసిన మనిషి, కొత్త దారి, చీకటి, ఈ మూడూ ఒకే గంటలో కలవకుండా చూసుకోవడమే దూరం నిర్ణయించడంలో అసలు పని అని నేను నమ్ముతాను.

ఘాట్ రోడ్డును ఈ లెక్కలో కలపకండి. అక్కడ బండి కదులుతున్నప్పటి సగటే 25, 30 మించదు. 150 కిలోమీటర్లంటే అయిదారు గంటలు క్లచ్, గేరు, బ్రేకులతో పని చేస్తూనే ఉండాలి. కాబట్టి మీ 400 కిలోమీటర్ల ఘాట్‌కు రెండున్నర రోజులు, మిగిలిన 2,000 కిలోమీటర్లకు ఆరున్నర రోజులు కావాలి. మొత్తం 9 రోజులైంది, అందులో విశ్రాంతి ఒక్క పూట కూడా లేదు. మిమ్మల్ని నిరుత్సాహపరచాలని కాదు గానీ, 300 సరైన అంకే అయినా మీ దారి మాత్రం 8 రోజులకు పట్టేది కాదు.

రెండవ సమాధానం

పై లెక్కతో నేను ఏకీభవిస్తున్నాను. కానీ అందులో వెనుక సీటులో కూర్చునే మనిషి లేరు. నేను ఎన్నో యాత్రలు వెనుక సీటులోనే చేశాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

బండి నడిపేవారికి హ్యాండిలు ఉంటుంది, రోడ్డు కనిపిస్తుంది, గతుకు రాబోతున్నదని ముందే తెలుస్తుంది. వెనుక ఉన్నవారికి ఎదురుగా కనిపించేది హెల్మెట్ మాత్రమే. బ్రేకు పడిన తరువాతే తెలుస్తుంది, గుంతలో చక్రం దిగిన తరువాతే నడుము బిగుసుకుంటుంది. మోకాళ్లు ఎక్కువ ముడుచుకొని ఉంటాయి, కదలడానికి చోటు ఉండదు, వెనుక సామాను కట్టి ఉంటే అసలే ఉండదు. మీరు ఒంటరిగా గంటన్నరకు ఒకసారి ఆగేవారైతే, ఇద్దరున్నప్పుడు గంటకు లేదా గంటా పావుకు ఆగాలి. ఆగడమంటే రెండు నిమిషాలు కాదు. హెల్మెట్ తీసి, నాలుగడుగులు నడిచి, నీళ్లు తాగి, మళ్లీ ఎక్కేసరికి పావుగంట పడుతుంది. ఆ లెక్కన మీ 36.5 సగటు 33, 34కు దిగుతుందని ముందే అనుకోండి.

మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాము. భుజం మీద రెండుసార్లు తడితే, తరువాత కనిపించిన నీడలో ఆగాలి. కారణం అడగకూడదు, ఇంకో పది కిలోమీటర్లు ఆగు అనకూడదు. ఈ ఏర్పాటు లేనప్పుడు నేను నొప్పిని ఓర్చుకొని ఓర్చుకొని, ఇక భరించలేని స్థితిలో చెప్పేదాన్ని. అప్పటికి ఆగినా ప్రయోజనం ఉండేది కాదు, మిగిలిన రోజంతా ఆ నొప్పితోనే గడిచేది. ఇంకొక మాట. మీ 420 కిలోమీటర్ల రోజు ఒంటరిగా చేసినది కాబట్టి, యాత్రకు ముందే మీ శ్రీమతితో కలిసి, కట్టవలసిన సామానంతా కట్టుకొని, ఒకసారి 200 కిలోమీటర్లు తిరిగి రండి. ఇద్దరికి, సామానుకు తగిన గాలి ఎంతో బండి పుస్తకంలోనూ, చాలా బండ్లకు చైన్ కవరు మీది స్టిక్కరులోనూ ఉంటుంది. వెనుక టైరులో ఆ గాలే ఉండాలి. ఆ రోజు చివర ఆమెకు ఎలా ఉందో అడిగి తెలుసుకున్న తరువాతే రోజువారీ దూరం ఖాయం చేసుకోండి.

మూడవ సమాధానం

నేను కొంత భిన్నంగా చెప్పాలనుకుంటున్నాను. 500 కిలోమీటర్లు అసాధ్యం కాదు. అమెరికాలోని ఐరన్ బట్ అసోసియేషన్ గుర్తింపు కోసం 24 గంటల్లోపు 1,000 మైళ్లు, అంటే దాదాపు 1,609 కిలోమీటర్లు నడిపేవారు ఉన్నారు. నేను కూడా వెడల్పైన రహదారుల మీద ఒంటరిగా 600, ఒకసారి 700 చేశాను. అయితే ఆ 700 తరువాతి రోజు ఏమైందో కూడా చెప్పాలి. మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో ఒక లారీ డ్రైవరు పక్కకు వచ్చి చేయి ఊపి చూపించేవరకు, నా కుడి ఇండికేటరు ఎంతసేపటి నుంచి వెలుగుతూ ఉందో నాకు తెలియదు. వెనక్కి తలుచుకుంటే, అంతకు ముందు దాటిన వంతెన గానీ, ఊరు గానీ ఒక్కటీ గుర్తుకు రాలేదు. నేను నిద్రపోలేదు, కళ్లు తెరిచే ఉన్నాను. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. వెంటనే బండి దిగి ఒక చెట్టు కింద నలభై నిమిషాలు పడుకున్నాను, ఆ పూట ఇక ముందుకు వెళ్లలేదు.

ఒక్క రోజు ఎంత దూరం వెళ్లగలమనేది ఒక ప్రశ్న, మరునాడు కూడా అంత శ్రద్ధతో నడపగలమా అనేది వేరే ప్రశ్న. యాత్రకు కావలసింది రెండవదానికి జవాబు. అలసట ఏ రోజుకు ఆ రోజు తీరిపోదు. నా అనుభవంలో మొదటి రెండు రోజులు ఉత్సాహం మోసుకుపోతుంది, మూడవ రోజు మధ్యాహ్నం శరీరం పాత బాకీలన్నీ ఒకేసారి అడుగుతుంది. జీవనోపాధిగా వాహనం నడిపేవారి విషయంలోనే యూరోపియన్ యూనియన్ నిబంధనలు నాలుగున్నర గంటలకు 45 నిమిషాల విరామం, రోజుకు సాధారణంగా 9 గంటలకు మించని డ్రైవింగు అని పరిమితి పెట్టాయి. వారు మూసిన క్యాబిన్‌లో, ఆనుకునే సీటులో కూర్చుంటారు. గాలి, ఎండ, శబ్దం నేరుగా మీద పడే మనకు ఆరు, ఆరున్నర గంటల సీటు సమయమే ఎక్కువని నా అభిప్రాయం. మీ 310 కిలోమీటర్లు మీ 48 సగటుతో సరిగ్గా అంతే అవుతాయి.

వేగం పెంచి గంటలు తగ్గించుకోవచ్చని చాలామంది అనుకుంటారు. 300 కిలోమీటర్లను ఎక్కడా ఆగకుండా 80లో పోతే 3 గంటల 45 నిమిషాలు, 100లో పోతే 3 గంటలు. కాగితం మీద మిగిలేది 45 నిమిషాలు. కానీ వేగం 80 నుంచి 100కు పెరిగితే ఎదురుగాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. 160 సీసీ బండి మీద ఇద్దరు, సామాను ఉన్నప్పుడు ఆ వేగంలో ఇంజన్ అదురు చేతుల్లోకి దిగుతుంది, మెడ బిగుసుకుంటుంది, పెట్రోలు త్వరగా అయిపోతుంది. మిగిలిన 45 నిమిషాలు అదనపు విరామాలకే ఖర్చవుతాయి. మీ చేతుల్లో మిగిలిపోయిన అదురుకు కారణం దూరం మాత్రమే కాదు, వేగం కూడా అయి ఉండవచ్చు. 65, 70లో ఒకసారి నడిపి చూడండి. పిడిని గట్టిగా బిగించి పట్టుకునే అలవాటు ఉంటే అది కూడా మానుకోవాలి.

వాతావరణం గురించి క్లుప్తంగా. ఎండ తీవ్రంగా ఉండి గాలి మన చర్మం కన్నా వేడెక్కితే, ఎదురుగాలి చల్లబరచదు, ఇంకా వేడిని అంటిస్తుంది. అటువంటి రోజుల్లో తెల్లవారుజామునే బయలుదేరి మధ్యాహ్నానికి ముగించేలా దూరాన్ని తగ్గించుకోవాలి. చలిలో దీనికి వ్యతిరేకం: 10 డిగ్రీల వాతావరణం 80 కిలోమీటర్ల వేగంలో 4 డిగ్రీల చలిలా తగులుతుంది, వేళ్లు మొద్దుబారి బ్రేకు ఆలస్యమవుతుంది. రోజంతా వాన పడితే నేను అనుకున్న దూరంలో నాలుగోవంతు వదిలేస్తాను.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ సమాధానాలు నా భార్యకు చదివి వినిపించాను. భుజం తట్టే ఏర్పాటు ఈ రోజు నుంచే అమలులోకి వచ్చింది. ఆదివారం సామాను కట్టుకొని 190 కిలోమీటర్లు తిరిగి వచ్చాము. మొత్తం సగటు 34 వచ్చింది, ముందే చెప్పినట్టుగానే. మేము చివరి వలయాన్ని, అందులోని 100 కిలోమీటర్ల ఘాట్‌తో సహా, వదులుకున్నాము. మనసుకు కష్టంగానే ఉంది గానీ 420 కిలోమీటర్లు తగ్గి మొత్తం 1,980 అయింది. ఇప్పటి ప్రణాళిక వరుసగా 200, 310, 320, ఘాట్ మీద 150, 150, తరువాత 300, 300, చివరి రోజు 250. నాలుగు, అయిదు రోజులు చిన్నవి కాబట్టి వాటినే విశ్రాంతిగా లెక్కించాను. ఇది సరేనా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

చాలావరకు సరే. మొదటి రోజు 200 పెట్టడం నాకు ఎంతో నచ్చింది. ఆ రోజు సామాను తాళ్లు రెండుసార్లయినా విప్పి కట్టాల్సి వస్తుంది, బయలుదేరడమే ఆలస్యమవుతుంది. ఘాట్ రోజులను మాత్రం విశ్రాంతి అనకండి, ఎందుకంటే అక్కడ కిలోమీటర్లు తక్కువైనా చేతులకు, మెడకు పని రహదారి కన్నా ఎక్కువే. ఉదయం త్వరగా బయలుదేరి అయిదవ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా చేరి, ఆ పూట బండి తాళం ముట్టకుండా ఉండగలిగితే అప్పుడు అది విశ్రాంతి అవుతుంది. 34 సగటుతో 310కి తొమ్మిది గంటలు, 320కి దాదాపు తొమ్మిదిన్నర గంటలు పడుతుంది కాబట్టి, రెండవ, మూడవ రోజుల్లో ఉదయం 6కే కదలండి, లేదా మూడవ రోజు నుంచి ఓ 30 కిలోమీటర్లు మొదటి రోజుకు మార్చండి.

వెలుగు ఉండగానే చేరమనడానికి ఇంకొక కారణం చైన్. 500, 600 కిలోమీటర్లకు ఒకసారి దానికి ల్యూబ్ పట్టించాలి, వానలో తడిస్తే ఆ సాయంత్రమే పట్టించాలి. అది వేడిగా ఉన్నప్పుడు, వెనుక చక్రం చేత్తో తిప్పుతూ, లింకులు కనిపించే వెలుగులో చేయవలసిన పని. చీకటి పడ్డాక చేరినవారు రేపు చూద్దాంలే అనుకుంటారు, మరునాడు ఉదయం తొందరలో అది అలాగే ఉండిపోతుంది.

బస మొదటి రెండు రాత్రులకు ఖాయం చేసుకొని, మిగిలినవి రద్దు చేసుకోవడానికి వీలున్నవి తీసుకోండి. డబ్బు కట్టేశామన్న ఒక్క కారణంతో అలసిపోయి కూడా మరో 80 కిలోమీటర్లు పోయినవారిని నేను చూశాను. అయిదవ రోజు సాయంత్రం ఓడోమీటరు చూసి, ప్రణాళిక కన్నా 100 కిలోమీటర్లకు మించి వెనుకబడి ఉంటే, ఆరవ రోజు రాత్రి నడిపి పూడ్చాలని చూడకుండా, ముందు చూడవలసిన చోట్లలో ఒకటి తీసివేసి దగ్గరి దారి పట్టండి. ఏది తీసివేస్తారో ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకొని, ట్యాంకు మీది సంచిలో పెట్టుకునే కాగితం మీద రాసి ఉంచండి.